మూడు దేశాల పదును

మొన్న ఒక ఆన్‌లైన్ సమావేశంలో ఎవరో మైకు ఆపడం మరిచిపోయి శనక్కాయలు ఒలుచుకుని తింటున్నారు. తొక్క పగిలిన చప్పుడు, కాస్త నిశ్శబ్దం, మళ్ళీ ఇంకో కాయ పగిలిన చప్పుడు. మాట్లాడుతున్న పెద్దమనిషి విసుక్కుని ‘దయచేసి మైకులు ఆపండి’ అన్నాడు. ఆ కాయలు తింటున్నది నైజర్‌లో ఉండి మాతో కలిసి పనిచేసే హలీమా అని నాకు తెలుసు. ఆ అలవాటు ఆమెకు ఎవరి నుంచి అంటిందో కూడా తెలుసు. అందరూ నవ్వుతుంటే నేను శబ్దం పెంచుకుని విన్నాను. సరోజమ్మ మేడమ్ పోయాక ఆ చప్పుడు వినడం అదే మొదలు.

మేడమ్ అనంతపురంలో మా చిన్న పరిశోధనా కేంద్రానికి అధిపతి. పుట్టింది యాడికి అనే ఊరి దగ్గర ఒక మెట్ట రైతు ఇంట్లో. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఏ సమావేశానికి వెళ్ళినా చేతిసంచిలో వేయించిన కాయలు ఉండేవి. ఎవరి మాటనైనా కాదనబోయే ముందు ఒక కాయ ఒలిచి, గింజలు ఎదుటివాళ్ళ చేతిలో పెట్టి, తర్వాత నిదానంగా వాళ్ళ వాదనను ఒలిచేవారు. తెర మీద సమావేశాలు వచ్చాక గింజలు చేతిలో పెట్టే వీలు పోయింది, ఒలవడం మాత్రం మిగిలింది. యూరప్ నుంచి మా అందరినీ సమన్వయం చేసే ఎరిక్ ఒకసారి ఆ చప్పుడు గురించి మర్యాదగానే ఫిర్యాదు చేశాడు. ‘మూడు దేశాల్లో మనం పండించేది ఇదే కదా నాయనా, దీని చప్పుడుకే భయపడితే ఎట్లా?’ అని ఆమె ఇంగ్లీషులో అన్న తీరుకు అతనూ నవ్వేశాడు.

ఆ మూడు దేశాలు మనదీ, నైజర్, సెనెగల్. వాన తక్కువ పడే నేలల్లో ఒక్క పంటనే నమ్ముకుని రైతు మునిగిపోకుండా, భూమిలో సత్తువ చచ్చిపోకుండా, చిరుధాన్యాలూ పప్పులూ వేరుశనగా కలిపి పండించే పద్ధతులను మూడు చోట్లా ఒకేసారి పరీక్షించాలన్నది మా పని. దానికి ఒప్పందాలూ అనుమతులూ కుదర్చడానికే మేడమ్‌కు ఏళ్ళు పట్టింది. నేను ఆమె దగ్గర చేరింది ఉత్తరప్రత్యుత్తరాలు చూసే పనికి. మొదటి రోజే నేను ఈమెయిల్ రాయబోతుంటే ఆపేశారు.

“ముందు ఫోన్ చెయ్యమ్మా. హలీమాను వానొచ్చెనా అని అడుగు. మిగతాది తర్వాత.”

“పని సంగతి అడగొద్దా మేడమ్?”

“అదే పని. మన ఊళ్ళల్లో ఎవురైనా ఎదురుపడితే బాగుండావా అని అడుగుతారా, మీ పక్క వానొచ్చెనా అని అడుగుతారా? వాన సంగతి చెప్పినోడు తన సంగతి అంతా చెప్పినట్లే. నువ్వు కణేకల్ దానివి, కాలవ కింద పుట్టినావు. నీళ్ళు ఎప్పుడు ఇడుస్తారో పేపర్లో చదువుకునే మనుషులు మీరు!”

ఆ ఎత్తిపొడుపు ఆమె ఉన్నన్నాళ్ళూ నన్ను వదల్లేదు. నాకు కోపం వచ్చేది. కాలవ కింద పుట్టడం నేరమా అనుకునేదాన్ని. కానీ అందులో నిజముంది. మా ఇంట్లో తేదీ అంటే తేదీయే. ఆ తేదీకి నీళ్ళు వస్తాయి, నారు పోస్తారు. అందుకే ఎరిక్ కార్యాలయం ‘మూడు దేశాల్లోనూ ఒకే వారంలో విత్తాలి, అప్పుడే ఉపగ్రహ చిత్రాలను పోల్చగలం’ అని రాసినప్పుడు నాకు అది చక్కగా, పద్ధతిగా తోచింది. మేడమ్ మాత్రం ‘మరి పదును సంగతి?’ అన్నారు. విత్తనం మొలిచి నిలబడేంత తడి భూమి లోపలికి దిగడాన్ని మా వైపు పదును అంటారు. పదును కాకుండా విత్తడమంటే పొయ్యి వెలిగించకుండా ఎసరు పెట్టడమే. ఆ మాట ఆమె ఎరిక్‌కు రెండుసార్లు చెప్పారు. మొదటి ఏడాది కదా, ఈ ఒక్కసారికి సర్దుకోండి అని అందరూ బతిమాలారు. ఎంతో కష్టపడి కూడగట్టిన కూటమి మొదట్లోనే చీలిపోతుందన్న భయంతో ఆమె ఒప్పుకున్నారు.

యాడికి దగ్గర మా పరీక్షకు పొలం ఇచ్చిన రైతుల్లో ఓబులేసు పెద్దవాడు. అనుకున్న వారం వచ్చింది. అంతకు ముందు రోజు చిన్న జల్లు పడి, పైన మట్టి మాత్రం తడిసింది. ‘ఇది పదును కాదు మేడమ్మా’ అని అతను గొణిగాడు. ఆమెకూ తెలుసు. అయినా విత్తించారు. మొలకలు లేచాయి. తర్వాత ఎండ కాసింది, గాలి తోలింది. మేము మళ్ళీ వెళ్ళేసరికి సాళ్ళల్లో మొలకలు వడలిపోయి నేలకు అంటుకుని ఉన్నాయి.

ఓబులేసు గట్టు మీద కూర్చుని మా వైపు చూడకుండానే మాట్లాడాడు. “ఇత్తనం పోతే పోయింది, మీరే ఇచ్చినారు. మా తాతకాడ నుంచి ఎవురూ పదును లేకుండా ఇత్తింది లేదు. టీ అంగడికి పోతే, ఏమప్పా, మీ ఫారిన్ వాన ఎట్లుండాది అని నవ్వుతాండారు. నేను ఇంక రాను మేడమ్మా. వేరేవాళ్ళను చూసుకోండి.”

మేడమ్ తిన్నగా బస్టాండు పక్కన ఆ టీ అంగడికే నడిచారు. వెనక నేనూ వెళ్ళాను. బెంచీల మీద ఊరి రైతులంతా ఉన్నారు. ఆమె కూర్చోలేదు, టీ కూడా వద్దన్నారు.

“ఏమన్నా, నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి. ఓబులేసు వద్దని చెప్పినాడు. ఇత్తమని పట్టుబట్టింది నేను. నేనూ ఈ మట్టిలో పుట్టినదాన్నే, తెలిసే చేసినా.”

ఒకాయన నవ్వబోయి ఆగిపోయాడు. అంగడాయన గ్లాసులు కడగడం మానేసి చూస్తూ ఉండిపోయాడు. ఒక శాస్త్రవేత్త, అందులోనూ పెద్ద వయసు ఆడమనిషి, నడిబజారులో నిలబడి తప్పు నాది అనడం ఆ ఊరు ఎరగదు. నాకు సిగ్గేసింది, వెంటనే ఆ సిగ్గుకు సిగ్గేసింది. తిరుగు ప్రయాణంలో ఆమె ఒక్కటే మాట అన్నారు. “రైతులు పోతే ఇంక మిగిలేది ఉపగ్రహమే. దానికి ఆకలి లేదు.”

ఏడాది చివర మూడు దేశాల సమావేశం తెర మీద జరిగింది. మేడమ్ పక్కన కుర్చీలో నేను కూర్చున్నాను. ఎరిక్ తయారుచేసిన నివేదికలో, అనంతపురంలో మిశ్రమ పంట విఫలమైందని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం అట్లాగే అచ్చయితే ఈ పద్ధతి ఈ నేలకు పనికిరాదని లోకం అనుకుంటుంది, రైతులు మళ్ళీ ఒకే పంటకు పోతారు. మేడమ్ చేతిసంచి తెరవలేదు. కాయ ఒలవలేదు.

“హలీమా, ఈ ఏడు మీ పక్క వాన ఎప్పుడొచ్చింది?” అని అడిగారు.

హలీమా చివరికి చెప్పింది: వాళ్ళ దగ్గరా ఆ వారంలో విత్తింది నిలవలేదట. రైతులు మంచి వాన చూసుకుని మళ్ళీ విత్తుకున్నారట. ఆ సంగతి చెబితే తమ దేశాన్ని పథకం నుంచి తీసేస్తారేమోనని దాచిందట. చెబుతూ చెబుతూ తల దించుకుంది.

“తల ఎత్తమ్మా,” అన్నారు మేడమ్. “పంట తప్పలేదు. మనం పెట్టిన తేదీ తప్పింది. నివేదికలో అదే రాయాలి. ఇక ముందు ఎవరి పదును వారిది. విత్తిన రోజును ఒకటో రోజుగా పెట్టుకుని అక్కణ్ణుంచి పంట వయసు లెక్కపెడదాం, పంట వయసులనే పోల్చుకుందాం. దీనికి ఒప్పుకోకపోతే అనంతపురం ఈ కూటమిలో ఉండదు.”

ఎరిక్ చెడ్డవాడు కాదు. అతని పైనా అధికారులున్నారు. ఆ మార్పు తెస్తే ముందు అనుకున్నట్టు వచ్చే ఏడాది నుంచి కూటమి నాయకత్వం అనంతపురానికి ఇవ్వడం కష్టమని, అది పెద్ద సంస్థకు పోతుందని నెమ్మదిగా చెప్పాడు. ఆ నాయకత్వం కోసం మేడమ్ ఎంత ఎదురుచూశారో నాకు తెలుసు. ఎప్పుడూ ఎవరూ లెక్కచేయని మా జిల్లాకు మూడు దేశాలు వచ్చి కూర్చోవాలని ఆమె కల.

“ఇచ్చుకోండి,” అన్నారు. “విత్తే రోజు మాత్రం రైతుది.”

నాయకత్వం పోయింది. నివేదికలో వాక్యం మారింది, నియమం మారింది. మా కేంద్రంలో కొందరు ఆమెను మొండిఘటం అన్నారు. నేనూ లోపల అట్లాగే అనుకున్నాను.

మరుసటి ఏడాది, విత్తే రోజు ఇక నీదేనని కబురుపెట్టి మేడమ్ ఓబులేసుకు విత్తనం పంపితే, తీసుకున్నాడు గాని విత్తుతానని మాట ఇవ్వలేదు. ఒక తెల్లవారుజామున యాడికి వైపు వాన కురిసిందని తెలిసింది. ఓబులేసుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మేడమ్ ముఖం చిన్నబోయింది. అయినా జీపు తీయించారు. మేము చేరేసరికి అతని పొలంలో విత్తనాలు వేసే గొర్రు నడుస్తోంది. మా మిశ్రమ విత్తనమే, మేము చెప్పిన సాళ్ళే. మమ్మల్ని చూసి గొర్రు ఆపకుండానే కేకేశాడు.

“మీ కోసం చూస్తా కూచుంటే పదును ఆరిపోతాది మేడమ్మా! ఎవురినీ అడగకుండానే మొదలుపెట్టినా. మీ దేశాలోళ్ళకు చెప్పుకోండి, ఈ పొద్దే ఇత్తినామని.”

మేడమ్ చెప్పులు గట్టు మీద విడిచి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని గొర్రు వెనక నడిచారు. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. ఆ ఏడు పంట నిలిచింది.

ఆమె పోయాక ఆ పని నా మీద పడింది. పోయిన నెలలో ఒక కొత్త కూటమి వాళ్ళు అనంతపురాన్ని నాయకత్వం వహించమని అడిగారు. షరతు ఒక్కటే, అన్ని దేశాల్లోనూ విత్తే వారం ముందే ఖరారు చేయాలి. ఇరవై ఏళ్ళకు ఒకసారి కూడా రాని అవకాశమని తోటివాళ్ళు పోరుపెట్టారు. నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. కానీ కాలవ కింద పుట్టిన ఈ మనిషే చివరికి కూర్చుని జవాబు రాసింది. నాయకత్వం అక్కర్లేదని, తేదీకి ఒప్పుకునేది లేదని, పదును చూసి విత్తనిస్తే మా రైతులతో కలిసి చివరిదాకా పనిచేస్తామని. పంపించేశాక, దాన్ని వెనక్కి తీసుకునే వీలుందా అని ఒకసారి వెతికాను. ‘ఇచ్చుకోండి’ అన్న రోజు మేడమ్‌కు కూడా ఇట్లాగే అనిపించిందేమో. పక్క కుర్చీలోనే కూర్చుని, నేను ఆమె మొండితనం మాత్రమే చూశాను.