వాగొడ్డున ఊరిన చెలిమ

మెదక్ దోస్తులారా, ఎండాకాలం వాగు ఇసుకలో చెలిమ తవ్వుకొని నీళ్లు తాగింది యాదికుందా?

నిన్న వాగొడ్డుకు పోయాను. రివర్‌ఫ్రంట్ పేరుతో సర్కారు జాగాను హోటల్ కట్టుకోవడానికి ఏదో కంపెనీకి లీజుకిచ్చారట. ఊళ్లో ఎవరినీ అడగలేదు. చుట్టూ రేకులు కట్టేశారు. లోపల హోటల్ పిల్లర్ కోసం జేసీబీ తీసిన గుంత నుంచి తడి ఇసుక వాసన గుప్పుమంది. అంతే, నాయనమ్మ పక్కన కూర్చున్న చిన్నపిల్లనైపోయాను.

నాయనమ్మ చేతులతోనే ఇసుక తీసేది. బురద నీళ్లు సత్తు గ్లాసుతో ఎత్తిపోస్తుంటే అడుగు నుంచి అద్దంలాంటి నీరు ఊరేది. నేను ఆత్రంగా వంగితే ఆపేది.

"ఆగు బిడ్డా, దారిన పొయ్యేటోళ్లను పిలువు. తవ్వినోళ్లు ఆఖరికి తాగాలె. గిది నాదే అనుకుంటే ఊట ఆగిపోతది."

నిన్న రేకుల సందులోంచి గుంతలో నీళ్లు కనిపిస్తే కాపలా ఆయన్ని అడిగాను, అవేమిటని.

"ఏం చెప్పాలె అక్కా! పొద్దుగాల్నుంచి మోటరుతోని తోడుతున్నం. సార్లు పరేషాన్ అయితుండ్రు. తోడినకొద్దీ మస్తు తేటగ ఊరుతనే ఉన్నయి."

మోటరు పోసిన నీళ్లు రేకుల కింద నుంచి బాటమీదికి పారుతున్నాయి. దారిన పోయే మేకలు ఆగి తాగుతున్నాయి.

తవ్వినోళ్లు మాత్రం ఇంకా తాగలేదు.