ఎర్రమట్టి దిబ్బల్లో ఏ బావ?

మొన్న మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఆదివారం విహారానికి పిలుపొచ్చింది. ఊటీలూ మనాలీలూ అక్కర్లేదట, ఇంటి పక్కనే ఉన్న వింతల్ని పిల్లలకి చూపించాలట. మొదటి వారం ఎర్రమట్టి దిబ్బలు. టోపీ, నీళ్లసీసా, పులిహోర ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. దిబ్బలు బాగా తెలిసినవాళ్లు ఎవరైనా ముందు నడిస్తే బాగుంటుందని కింద రాశారు. నాకు బాగా తెలుసు. ఆదివారం పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలని రాసి ఫోను పక్కన పడేశాను.

చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. భీమిలి వెళ్లే దారిలో సముద్రం పక్కనే ఎర్రటి ఇసుక గుట్టలుంటాయి. వాననీళ్లు కోసి కోసి వాటిని సందులు సందులుగా చీల్చేశాయి. లోపలికి దిగితే రెండు పక్కలా నిలువెత్తు గోడలు, ఏ మలుపు తిరిగినా ఇందాకటి మలుపే మళ్లీ వచ్చినట్టుంటుంది. వేల ఏళ్లు పట్టి ప్రకృతి చెక్కిందంటారు. మనవాళ్లు దాని మీద ప్రేయసి పేరు రెండు నిమిషాల్లో చెక్కేస్తారు. పెళ్లికాబోయే జంటలు ఫొటోల కోసం అక్కడ పరిగెడుతుంటారు, కెమెరా అతను మళ్లీ పరిగెత్తమంటాడు. ఆ దుమ్ము తెల్లచొక్కాకి అంటితే మూడు ఉతుకులకి కూడా వదలదు.

మా మావయ్యగారిది సబ్బవరం అవతల పల్లె. ఆయన కొడుకు నాకు బావ, అతనికి నేనూ బావనే. మావైపు వయసుతో పనిలేదు. ఆ మాటకొస్తే ఆటో అతనూ, పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలు తూచే అతనూ కూడా బావలే. కొన్నేళ్ల కిందట ఈ బావ కానిస్టేబుల్ రాతపరీక్ష గట్టెక్కి, పరుగు పరీక్షకి తయారవడానికి ద్వారకా నగర్లో మా ఇంట్లో దిగాడు. పదహారు వందల మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పరిగెత్తాలి. ఆ నోటిఫికేషన్ కోసం నాలుగేళ్లు కాచుకున్నాడు, ఇంకోటి పడేసరికి అతనికి వయసు దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరుది. రోజూ తెల్లారకుండా లేచి, బీచిరోడ్డులో పరిగెత్తి వచ్చి, నానబెట్టిన శనగలు గుప్పెళ్లతో తినేవాడు. అమ్మ మురిసిపోయి చూసేది. నాకప్పుడు కోచింగ్ సెంటర్లు మార్చడం తప్ప వేరే పని లేదు కనక ఒళ్లు మండేది.

"ఏటి బావ, దొంగలు కూడా ఇంత పొద్దున్నే లెగరు. ఎవుల్ని పట్టుకుంటావ్?" అనేవాణ్ణి.

అతను నవ్వేవాడు. దాంతో ఇంకా మండేది.

సోమవారం పరుగనగా ఆదివారం, ఇసకలో నడిస్తే పిక్కలు గట్టిపడతాయని చెప్పి నేనే దిబ్బలకి తీసుకెళ్లాను. మా పెద్దమ్మ కొడుకు, అంటే అన్నయ్య కూడా వచ్చాడు. పరీక్ష కోసం కొన్న కొత్త బూట్లు పాడైపోతాయని బావ చెప్పులేసుకొచ్చాడు. దుమ్ము పడుతుందని ఫోను నా సంచిలో పెట్టాడు. జాగ్రత్తపరుడు. లోపల చాలా దూరం పోయాక, ఒంటేలుకని మలుపు చాటుకెళ్లాడు. నేను అన్నయ్యకి సైగ చేశాను. ఇద్దరం పక్క సందులోంచి పైకెక్కి, జీడిమామిడి పొద వెనక బోర్లా పడుకున్నాం. అన్నయ్య ఫోను తీసి వీడియో మొదలెట్టాడు.

ముందు మామూలుగానే పిలిచాడు. "బావా."

"ఆఁ బావ" అని జవాబొచ్చింది, మా నుంచి కాదు. ఆదివారం కదా, సందుకో బావ ఉన్నాడు.

"బావా, ఏటైపోనావ్?"

"ఇక్కడే ఉన్నాను బావ, బేగి రా" అని ఎడమ పక్కనుంచి ఇంకెవరో. బావ అటు పరిగెత్తాడు. చిప్సు తింటున్న కుర్రాళ్లు గొల్లుమన్నారు. కుడివైపు పరిగెత్తాడు, అక్కడ ఇంకో బావ. వట్టి బావతో లాభం లేదని అప్పుడు తెలిసింది పాపం. చిరునామా కలిపాడు.

"ద్వారకా నగర్ బావా, కాంప్లెక్సు ఎనకాల బావా!"

గోడల మధ్యనుంచి ఒక పెద్దమనిషి గొంతు తాపీగా వచ్చింది. "నాను గాజువాక బావని నాయినా. సద్దుకుంటావేటి?"

అన్నయ్య పిడికిలి నోట్లో కుక్కుకున్నాడు. నాకు కళ్లంట నీళ్లు కారిపోయాయి. అంత బాగా మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు. బుద్ధిమంతుణ్ణని చెప్పుకోడానికి ఆ సంగతి దాచను.

కాసేపటికి మా బావ గొంతు మారింది. "సాలింక బావా. రేపు పరుగుంది బావా."

"పలుకురా, పాపం" అని అన్నయ్య గుసగుసలాడాడు.

"గమ్మునుండు. పోలీసోడు కదా, కనిపెట్టనీ" అన్నాను నేను.

కనిపెట్టడానికే ఎక్కాడు. పైనుంచి చూస్తే దొరుకుతామని గోడకి కాళ్లు తన్ని ఎగబాకాడు. చూడ్డానికి అది గోడే గానీ, ఉన్నది ఇసుక. పెళ్ల ఊడి, బస్తా దింపినట్టు చప్పుడైంది. ఆ తరవాత ఏ సందులోంచీ ఎవరూ పలకలేదు.

మేం దిగేసరికి చీలమండ పట్టుకుని కూర్చున్నాడు, తలనిండా ఎర్రదుమ్ము. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఏటి బావ, హోలీ ముందే ఆడేసుకున్నావ్?"

"ఇక్కడే ఉన్నారా?" అన్నాడు.

ఇంటికి తీసుకొచ్చాక అమ్మ గుమ్మంలోనే, "ఏటి సేసేర్రా గుంటడ్ని?" అని మా మీద పడింది. బావే అడ్డొచ్చాడు. "నానే జారిపోనానత్తా. ఆళ్లు నా ఎనకాలే ఉన్నారు." నన్ను కాపాడాడని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే, తను వెర్రివాడైన సంగతి మావయ్యకి తెలియకూడదని అలా అని ఉంటాడు, అంతే. అలా అనుకోవడం నాకు కాస్త వీలుగా కూడా ఉంటుంది.

సోమవారం కాలికి కట్టేసుకుని, కొత్త బూటు లేసు వదులు చేసుకుని పరిగెత్తాడు. నేను కంచె బయటనుంచి చూశాను. మూడు రౌండ్లు అందరి వెనకా ఈడ్చాడు. నాలుగోది సగంలో ఉండగా టైమైపోయిందన్నారు. అతను ఆగలేదు, గీత దాకా వచ్చాడు. రాసుకునేవాళ్లు అప్పటికే తరవాతి బ్యాచిని నిలబెడుతున్నారు.

ఇప్పుడు స్టీలు ప్లాంటు వైపు ఏదో గోడౌన్లో సెక్యూరిటీ గార్డు. యూనిఫారం వచ్చింది, రంగే తేడా అని నేను అతని పెళ్లిలోనే జోకేశాను, పందిరంతా నవ్వింది. అన్నయ్య వీడియోకి మా బంధువుల్లో మంచి పేరుంది. ఎవరింట్లో పెళ్లయినా భోజనాలయ్యాక ఆ ఫోను చేతులు మారుతుంది. బావ పడటం అందులో లేదు, గోడెక్కే ముందే మెమరీ నిండి ఆగిపోయింది. కనక అందరూ హాయిగా నవ్వుకోవచ్చు. బావ కూడా నవ్వుతాడు. ఈమధ్య ఒక పిన్ని విసుక్కుంది, "ముందుకి తొయ్యండర్రా, ఎంతసేపు పిలుత్తాడు" అని. ఫోను అప్పుడు బావ చేతిలోనే ఉంది, అతనే వేలితో తోశాడు. మొత్తం పదకొండు నిమిషాల వీడియో. పలకడానికి అతను మాకు పదకొండు నిమిషాలిచ్చాడు. అతనికి మాత్రం ఎనిమిది మీద ఒక్క సెకను ఇచ్చినవాళ్లు లేరు.