బాటనీ సార్ లాల్‌సింగ్

మణుగూరులో మా ప్రైవేటు డిగ్రీ కాలేజీకి ఎండాకాలం సెలవులు పిల్లలకే. లెక్చరర్లం మాత్రం కరపత్రాలు పట్టుకుని తండాలు తిరిగి అడ్మిషన్లు తేవాలి. తేనివాడికి జూన్‌లో కుర్చీ ఉండదు. నేను కెమిస్ట్రీ చెప్పేవాణ్ని, లాల్‌సింగ్ బాటనీ.

2004లో అతని గ్రూపుకు గండం వచ్చింది. ఎవరినోట విన్నా బయోటెక్నాలజీ జపమే. మా కరస్పాండెంట్ మీటింగు పెట్టి, "బాటనీ అంటే ఎవ్వడొస్తలేడు. పేరు మార్చాలె" అన్నాడు.

"ప్లాంట్ సైన్స్ అందాం సార్. రెండూ ఒకటే" అన్నాడు లాల్‌సింగ్.

ఆ పేరు ఆయనకు ఆనలేదు. కరపత్రాల మీద బయోటెక్నాలజీ అని అచ్చు వేయించాడు.

"అది వేరే శాస్త్రం సార్. మనకు పర్మిషన్ లేదు, ల్యాబ్ లేదు. సర్టిఫికెట్ మీద బాటనీ అనే వస్తది."

"అప్పటి సంగతి అప్పుడు. గ్రూపు నడవకుంటే నీ నౌకరే పోతది, చూస్కో."

ఆ కరపత్రాలతో ఇద్దరం బండి మీద దగ్గర్లోని ఒక తండాకు, రూప్‌సింగ్ అనే ఆయన ఇంటికి వెళ్లాం. లాల్‌సింగ్‌ కూడా తండాలో పుట్టినవాడే, మర్యాదలకు లోటు లేదు. రూప్‌సింగ్ కూతురు హేమ్లి ఇంటర్ పాసయింది. దవాఖానాలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం కావాలని ఆ పిల్ల కోరిక. కరపత్రం చూసి సంబరపడిపోయింది. హమ్మయ్య, ఒక సీటు నిండింది అనుకున్నాను.

రూప్‌సింగ్ తల్లి బాలి పళ్లెంలో బెల్లం తెచ్చింది. తండాలో పెళ్లి మాట ఖాయం చేసుకునేది బెల్లం తినే. తిన్నాక ఇక మాట మారదు.

"తిను కొడుకా. పిల్లను నీ చేతుల పెడుతున్నం" అంది ముసలమ్మ.

నా ముక్క నేను గుటుక్కున మింగేశాను. లాల్‌సింగ్ మాత్రం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండి మోచేత్తో పొడిచాను. అతను ముక్కను తిరిగి పళ్లెంలో పెట్టేశాడు.

"యాడీ, నా తల్లీ, ఇది నేను తినలేను. గీ కాయితం మీదున్న చదువు మా దగ్గర లేదు. ఉన్నది బాటనీ. మంచి చదువే, నేనే చెప్త. కాని హేమ్లి అడిగే నౌకరీ దాంతోని రాదు. ఖమ్మంల ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుంది, అండ్ల చేర్పించుండ్రి."

"గట్ల చెప్తే మీ కాలేజోళ్లు ఊకుంటరా సార్?" అన్నాడు రూప్‌సింగ్.

"ఊకోరు" అని నవ్వాడు లాల్‌సింగ్.

జూన్‌లో హేమ్లి ఖమ్మం వెళ్లింది. పిల్లలు చేరక బాటనీ గ్రూపు ఎత్తేశారు. లాల్‌సింగ్ సత్తుపల్లిలో ఒక స్కూల్లో సగం జీతానికి కుదిరాడు. అతను సామాన్లు సర్దుకుంటుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఉక్రోషం ఆపుకోలేకపోయాను.

"ఒక్క పేరు కాడ నౌకరీ పోగొట్టుకుంటివి. ఏం బాగుపడ్డవ్?"

అతనికి కోపం రాలేదు.

"నౌకరీ ఇంకోటి దొరికింది గద రిజ్వాన్ భాయ్. ఆ పిల్లకు మూడేండ్లు పోతే, నేనేడికెల్లి తెచ్చియ్యాలె?"