రత్నం వేసిన కార్డు మంచిదే

నిన్న పొద్దున ఫోన్‌లో రత్నం పేరు కనబడగానే ఎత్తి, "ఏం రా, పొద్దున్నే లారీ ఎక్కేసినావా?" అన్నాను.

అవతల ఉన్నది వాడి భార్య విమల.

"వదినా, ఆయన పోయినారు. షాపు తెరవను బయల్దేరతా గడప కాడే కూలబడిపోయినారు."

ఫోన్ పెట్టేసి ఇంటికి తాళం వేశాను. దొరికిన ట్రైన్ ఎక్కి వాళ్లింటికి చేరాను.

మునిరత్నం మా చిన్నాన్న కొడుకు. తిరుత్తణిలో కంప్యూటర్ సర్వీస్ షాపు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. అందుకని వాణ్ణి తిట్టే హక్కు నాకు జీవితాంతం రాసిచ్చారనుకున్నాను.

మణవాళనగర్‌లో నా దగ్గర ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. టీచరుగా రిటైరయ్యాక అందులో లారీ నడిపే గేమ్ ఆడతానని మన కుటుంబం గ్రూపులో మీకందరికీ తెలుసు. మీరు నవ్వుకున్నారని నాకూ తెలుసు.

రోడ్డు ఆగి ఆగి కనిపించేది. ఇక్కడ బ్రేక్ నొక్కితే లారీ పక్క ఊళ్లో ఆగేది. కొత్తది కొంటానంటే రత్నం ఒప్పుకోలేదు.

"దీని ప్రాణం గట్టిది అక్కా. దీన్ని యాడ పారేస్తావు? లోపల నాలుగు మారిస్తే చాలు."

ఒక ఆదివారం ఎలక్ట్రిక్ ట్రైన్‌లో సంచీతో దిగాడు. హార్డ్ డిస్క్ తీసి అంతకంటే వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డి పెట్టాడు. ర్యామ్ రెట్టింపు చేశాడు. తన షాపులో వారం రోజులు నడిపి చూసిన సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు, తెర మీద బొమ్మ ఆగకుండా నడిపేది, వేశాడు. దానికి పాత పవర్ సప్లై చాలదని అదీ మార్చాడు.

చివర్లో డబ్బా మీద తట్టి, "దీనికి గాలి ఆడాల అక్కా. మనిషి మాదిరే" అన్నాడు.

"టీచరుకే పాఠమా?" అన్నాను.

అప్పటినుంచి సాయంత్రాలు ఇద్దరం ఆన్‌లైన్‌లో ఒకే రోడ్డు మీద. మలుపుల్లో నేను బోల్తా పడతానని వాడెప్పుడూ నా వెనకే.

"నువ్వు పో అక్కా, నేను ఎనకే వస్తాను."

ఇక నా నిర్వాకం.

మాది నేత ఇల్లు. మగ్గం దిగితే గుడ్డ కప్పాలి. దుమ్ము పడితే అమ్మ ఊరుకునేది కాదు. ఆ అలవాటుకొద్దీ సీపీయూకి మందపాటి నూలు గుడ్డతో ముసుగు కుట్టాను. బటన్ నొక్కడానికి ముందువైపు ఒక కన్నం. ఆడేటప్పుడు కూడా ముసుగు తీయలేదు. కన్నం ఉంది కదా.

ఎండలు ముదిరాక కంప్యూటర్ ఆట మధ్యలో ఆరిపోవడం మొదలైంది.

వాడికి ఫోన్ చేయలేదు. మన కుటుంబం వాట్సాప్ గ్రూపులో రాశాను: "మునిరత్నం గారి షాపులో చెడిపోయిన కార్డులు సొంత అక్కలకు ప్రత్యేకంగా దొరుకును."

మీరంతా నవ్వే బొమ్మలు పెట్టారు.

మర్నాడే వచ్చాడు. మనిషి వస్తున్నాడని నేను ముసుగు ఉతికి పెరట్లో ఆరేశాను. వాడి ముందు ఆ కంప్యూటర్ మూడు గంటలు ఆడింది. ఒక్కసారీ ఆరలేదు.

"నిన్ను జూసి నటిస్తా ఉండాది" అన్నాను.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. దండెం మీద డబ్బా ఆకారంలో గుడ్డ, దానికొక కన్నం. ఆ కన్నంలో వేలు పెట్టి చూశాడు.

"మగ్గం ఆడేటప్పుడు గుడ్డ తీస్తాము గదా అక్కా?"

అంతే అన్నాడు. నాకు అర్థమైంది. అర్థమైనట్టు మాత్రం ముఖం పెట్టలేదు.

"ట్రైన్‌కి టైమైంది. కాఫీ తాగి కదులు" అన్నాను.

ఇంటికి చేరి వాడే గ్రూపులో రాశాడు: "అక్క సిస్టమ్ బాగైంది. తప్పు నాదే. మన్నించాల."

దాని కింద నేను బొటనవేలు బొమ్మ పెట్టాను.

ముసుగు మళ్లీ తొడగలేదు. కంప్యూటర్ మళ్లీ ఆరలేదు. అదే కార్డు.

ఆ తర్వాత మనవాళ్లే ఇద్దరు తమ సిస్టమ్‌లు వేరే షాపుకు తీసుకుపోయారు. పేర్లు రాయను. రత్నం కూడా నా ముందు ఆ పేర్లు ఎత్తలేదు. సాయంత్రమైతే నా వెనక లారీ తోలుతూనే ఉన్నాడు.

ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి కొండకు వెళ్లినప్పుడు ఎదురుగా చెబుదామనుకున్నాను. ఫోన్‌లో క్షమాపణ అడగడం మర్యాద కాదని నాకు నేనే ఒక రూలు పెట్టుకున్నాను. తిట్టడానికి మాత్రం ఫోన్ చాలింది.

నిన్న వాడి తల దగ్గర కూర్చుని విమల నన్ను మెల్లగా అడిగింది.

"వదినా, ఆ కార్డు నిజంగానే చెడిపోయిండెనా? ఆయన మాకేమీ చెప్పలా. చెడిన సరుకు ఇచ్చే మనిషి గాదు గదా."

తల అడ్డంగా ఊపాను. నోరు పెగల్లేదు. ఆ నోరేమిటో మీకందరికీ తెలుసు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. విమలా, కార్డు మంచిది. పని మంచిది. గుడ్డ కప్పింది నేను. తెలిసీ చెప్పనిది నేను. గ్రూపులో ఆ పాత మెసేజ్ కిందే ఇదీ పెడుతున్నాను. వాడు "తప్పు నాదే" అన్నచోట నా పేరు పెట్టి చదువుకోండి.

రత్నం, ఎప్పుడూ ఎనకే వస్తానంటివి. ఈసారి వరస మార్చినావు.

సరే, నువ్వు పో. బాగా గాలి ఆడే చోట, నెమ్మదిగా, శాంతిగా ఉండు నాయనా.

అక్క ఎనకే వస్తాది.