నేర్పినందుకు కూలెంత?

నా చిన్నప్పుడు మా ఇంట్లో శనివారం వస్తోందంటే భయం. నాన్న ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద మేస్త్రీ. ఎన్ని లారీ సామాన్లు చేస్తే అంత కూలి, అది కూడా వారానికోసారి, శనివారం. కొత్తవాళ్లు ఎవరు చేరినా ఓనరు తీసుకొచ్చి నాన్న పక్కన నిలబెట్టేవాడు. వాళ్లకు నేర్పినంతసేపూ నాన్న మిషన్ ఖాళీ. ఆ ఖాళీకి ఒక్క పైసా రాదు. నేర్పడం కూడా ఒక పనేనా అన్నట్టుండేది ఓనరు వరస.

నేను పదో తరగతిలో ఉన్న ఏడాది వరసగా నలుగురు చేరారు. కూలి సగానికి పడిపోయింది. పరీక్ష ఫీజుకు పై వారం సోమవారం ఆఖరు. అమ్మ అడగని గడప లేదు, అందరూ లేదనే అన్నారు. నాకు ఏడుపు, దాన్ని మించి ఒళ్లుమంట. అన్నం తింటున్న మనిషిని పట్టుకుని అనేశాను.

"ఊళ్లోవాళ్లందరికీ నేర్పుతావు, నా చదువు మాత్రం మాన్పిస్తావు. ఇంక ఎవరికీ నేర్పకు నాన్నా."

మర్నాటి నుంచి నాన్న ఎవరికీ నేర్పకుండా తన పని తాను చూసుకున్నాడు. ఆ శనివారం నిండు కూలి తెచ్చాడు. సోమవారం ఫీజు కట్టేశాను.

ఆ సోమవారమే ఉయ్యూరు వైపు నుంచి ఒక కౌలు రైతు పనిలో చేరాడు. పొలానికి వెళ్లినట్టే మెడలో కండువాతో మిషన్ మీదికి వంగాడు. కండువా తీసి మేకుకు తగిలించమనడం నాన్న నేర్పే మొదటి పాఠం. ఆ రోజు చెప్పలేదు. తిరుగుతున్న ఇనుము కండువా కొస పట్టి లాగేసింది. మెడ కాపాడుకోబోయి పాపం కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. నాలుగు వేళ్లు పోయాయి.

అమ్మా నేనూ ఆసుపత్రికి పరిగెత్తాం. ఆ రైతు భార్య గోడకు ఆనుకుని కూర్చుంది, ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఓనరు అందరి ముందూ నాన్నను నిలదీశాడు. కొత్తవాడికి చెప్పుకోవద్దా, అది నీ పని కాదా అన్నాడు. ఏనాడూ ఆయన ముందు నోరెత్తని అమ్మ అప్పుడు అడిగింది.

"ఆ పనికి కూలెంతండీ?"

ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. అంతా నా వల్లే అని నాన్నతో అన్నాను. నాన్న నన్ను వరండా చివరికి తీసుకెళ్లాడు.

"అడిగింది నువ్వమ్మా, మానేసింది నేను. ఇది నాది. నువ్వు మొయ్యకు."

తర్వాత ఏడాది పొడవునా ఆదివారాలు ఆ రైతు ఇంటికి వెళ్లి ఎడమచేత్తో కొలతలు తియ్యడం నేర్పాడు. ఆదివారం కూలి లేదని ఇంట్లో ఎవరం అనలేదు.

నేనూ చివరికి ఒక ఫ్యాక్టరీలో కొత్తవాళ్లకు పని నేర్పే ఉద్యోగమే చేసి రిటైరయ్యాను. మిషన్ మీద నిలబడేవాళ్ల కంటే నా జీతం ఎప్పుడూ ఒక మెట్టు కిందే. కబుర్లు చెప్పినందుకు జీతమా అని తోటివాళ్లు వేళాకోళం చేసేవారు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన చెప్పినవన్నీ విన్నాను. మొయ్యొద్దన్న మాట ఒక్కటే వినలేకపోయాను.