సాంచాలు ఆగిన రోజు వచ్చేది మా బిడ్డ

మా పెద్దబిడ్డ ఇక లేదు. పోయిన నెల జ్వరం ముదిరి దవాఖానలో కన్నుమూసింది. ఆ కబురు మన తెలుగు నేతవాళ్ల పేట పర్వత్ పాటియాలో అందరికీ చేరింది గానీ, ఆమె ఏం పని చేసేదో మాత్రం ఎవరికీ చేరలేదు. పరామర్శకు వచ్చినవాళ్లు "పిచ్చి పిల్లల డాక్టరట గదా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే లేచి వెళ్లారు. అందుకే రాస్తున్నాను. నాకు పెద్ద చదువు లేదు, తప్పులుంటే మీరే సర్దుకోండి.

నా బిడ్డ పరిశోధన పసిపిల్లల ఎదుగుదల మీద. మనుషుల్ని ఎట్లా చూస్తారు, ఎట్లా ఆడతారు, మాట ఎట్లా నేర్చుకుంటారు అని చూసేది. కొందరు పిల్లల ఎదుగుదల వేరే దారిలో పోతుంది, దాన్ని ఆటిజం అంటారు. అది పిచ్చి కాదు, తల్లి పెంపకంలో లోపమూ కాదు. చిన్నప్పుడే గుర్తుపడితే చేయూత తొందరగా అందుతుంది. ఈ నాలుగు ముక్కలు మనవాళ్లకు చెప్పీ చెప్పీ ఆమె గొంతు ఎండిపోయింది.

మన ఇళ్లలో ఒక చిక్కుంది. కింద సాంచాలు, అంటే మరమగ్గాలు, పొద్దంతా నడుస్తుంటాయి. ఆ చప్పుడులో ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవరు. భుజం తడతాం, చేయి ఊపుతాం. పిల్ల పిలిస్తే తిరగకపోయినా ఎవరికీ అనుమానం రాదు. నా బిడ్డ ఆ చప్పుడులోనే పెరిగింది కాబట్టి, కరెంటు సెలవుకు సాంచాలన్నీ ఆగిన రోజు చూసి గల్లీకి వచ్చేది. కుర్చీ వేసినా కూర్చోదు. పిల్లల పక్కన బండల మీద బోర్లా పడుకునేది.

"గింత చదువు చదివి గిదేం పండుడే?" అనేదాన్ని.

"పిల్లల మొఖం గీడికెల్లే మంచిగ కనిపిస్తదమ్మా."

మా పక్కింటి అక్కకు ఏడాదిన్నర మనవరాలుంది. అట్లాంటి ఒక రోజు నా బిడ్డ ఆ పిల్లను వెనకనుంచి పిలిచింది. తల్లి కూడా పిలిచింది. పిల్ల గిన్నె మూత తిప్పుకుంటూ కూర్చుంది. బయట కుల్ఫీ బండి గంట మోగితే మాత్రం తల తిప్పింది.

"సాంచాల ఇంట్ల పుట్టిన పిల్ల. సప్పుడు లేకుంటే బెదురుతది," అంది అక్క.

నా బిడ్డ నవ్వింది. "సాంచాలు నడిస్తే ఇనపడదంటవ్, ఆగితే బెదిరిందంటవ్. మరి పిలిస్తే పిల్ల ఎప్పుడు తిరిగి చూడాలె పెద్దమ్మా?"

"మా కొడుకు మూడేండ్లకు మాట్లాడిండు. ఇప్పుడు నోరు మూస్తుండా?"

అందరూ నవ్వారు, పిల్ల తల్లి తప్ప.

"జర దవాఖానకు తీస్కరా వదినా. చెవులు గిట్ల చూపిద్దాం. ఏం లేదంటే దూద్‌పేడాలు నేనే కొనిస్త," అంది నా బిడ్డ.

పండుగ పోనీ అన్నారు, పెండ్లి పోనీ అన్నారు. "ఎదురుచూసుడు మందు గాదమ్మా," అని నా దగ్గరే విసుక్కునేది.

నా బిడ్డ దినాలు కాకముందే పక్కింటి అక్క వచ్చి, నా చేయి పట్టుకుని ఏడ్చింది. లేస్తూ లేస్తూ, "బంగారమసొంటి బిడ్డ. గనీ మా పిల్లకు లేని రోగం అంటగట్టింది," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "రోగం గాదని ఎన్నిసార్లు చెప్పింది అక్కా! ఇగ మళ్లొచ్చి చెప్తదా?"

చావింట్లో అరవకూడదంటారు. అరిచాను.

గుమ్మంలో నిలబడ్డ అక్క కోడలు, ఆ పిల్ల తల్లి, నెమ్మదిగా అడిగింది. "చిన్నత్తా, నన్ను ఆ దవాఖానకు తోల్కపోతరా?"

అక్క కోడలి వైపు చూసి, చెప్పులు వెతుక్కుంది.

దినాలు అయిన తెల్లారి వెళ్లాం. నా బిడ్డతో పనిచేసిన ఇంకో మేడం చూసింది. చెవులు బాగున్నాయంది. ఆటిజం లక్షణాలు కనిపిస్తున్నాయి, ఇంకా చూడాలి, వారం వారం తీసుకురమ్మంది. ఈలోపు ఇంట్లో, బయటా ఏది కనిపించినా వేలితో చూపించి పేరు చెబుతూ ఉండమంది. నా బిడ్డ బతిమాలింది ఈ ఒక్క రాకకే కదా! ఆమె ఉన్నప్పుడే వస్తే ఎవరి సొమ్ము పోయేది? ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

తిరుగు ఆటోలో తల్లి ఒడిలో పిల్ల కూర్చుంది. చీరల మూటలతో టెంపో ఒకటి పక్కన ఆగింది. "అగో, బండి!" అని తల్లి చూపించింది. పిల్ల బండిని చూడలేదు, వేలిని చూసింది. "అగో, మేక! అగో, పుల్లు!" అని వంతెన దాకా అన్నీ చూపించింది. మా గల్లీ మలుపు వచ్చింది. ఆమె వేలు ఇంకా దించలేదు.