భయపడకమ్మా అన్నోళ్లకు

"భయపడకమ్మా" అనే మాట నేను ఎంతమంది నోట విన్ననో లెక్కలేదు. వినీ వినీ ఆ మాటంటేనే నాకు ఒళ్లు మండే కాడికి వచ్చింది.

నేను పటాన్‌చెరు దిక్కు ఒక మందుల కంపెనీల ప్యాకింగ్ సెక్షన్ల పనిచేస్త. గోలీల డబ్బాలకు సీలు సరిగ్గ పడ్డదో లేదో చూసుడు నా పని. పొద్దుగాల కిష్టారెడ్డిపేట మూల మీద కంపెనీ బస్సు ఎక్కుత. ఎక్కంగనే నిద్రపోయేదాన్ని. దిగేటప్పుడు పక్కామె లేపాలె.

ఒకనాడు మధ్యాహ్నం మా రోడ్డుకే ఉన్న ఇంకో కంపెనీల రసాయనాలు ఉడికిచ్చే రియాక్టర్ పేలింది. మా కిటికీల అద్దాలు ఊగిపోయినయ్. అందరం పని ఇడిచిపెట్టి ఎనక తలుపు దిక్కు ఉరికినం. ఎంత గుద్దినా తెరుసుకోలే, దానికి బయటికెల్లి తాళం. సరుకు దొంగతనం పోతదని ఎప్పుడో ఏసిర్రట. మళ్ల ముందు తలుపు దిక్కు మళ్లినం, ఒకరి మీద ఒకరు పడుకుంట. మాకేం కాలేదు. పక్క కంపెనీల పనిచేసేటోళ్లకు అయింది. సాయంత్రం ఆ గేటు ముంగట వాళ్ల ఇండ్లోళ్లు నేల మీద కూసోని ఏడుస్తుంటే మా బస్సు వాళ్ల పక్క పొంటే పోయింది.

తెల్లారి పనికి పోయిన. తాళం అట్లనే ఉంది.

గప్పటి సంది మొదలైంది నాకు. బస్సు రింగు రోడ్డు దాటిందంటే గుండె దడదడ కొట్టుకునేది. చేతులు చల్లబడేవి, ఊపిరి సగంల ఆగిపోయేది. ఒకసారి నడుమలనే దిగి ఆటోల ఇంటికొచ్చేసిన. మా ఆయన బడి పిల్లల వ్యాన్ నడుపుతడు. ఆ వ్యాన్లనే నన్ను సర్కారు దవాఖానకు తోల్కపోయిండు. డాక్టరమ్మ పరీక్షలు చేసి, "గుండె మంచిగనే ఉంది, ఇది ఆందోళన" అని మందులు రాసిచ్చింది. మందులతోని నిద్ర పట్టింది. బస్సుల దడ మాత్రం పోలే.

మాది తాతల కాలం సంది క్రైస్తవ కుటుంబం. ఆదివారం ఆరాధన అయినంక ఆడోళ్ల ప్రార్థన కూటంల నా సంగతి చెప్పుకున్న. ఆ కూటం నడిపించే పెద్దామె నా మాట సగం కూడ వినలే.

"మందులెందుకు సిస్టర్? విశ్వాసం తక్కువైతేనే భయమొస్తది. భారమంత దేవుని మీద ఏసినంక ఇగ చింత ఏంది? భయపడకమ్మా."

చుట్టూ ఉన్నోళ్లు హల్లెలూయ అన్నరు. నేను తల దించుకున్న. ఇంటికొచ్చి బియ్యం కడుక్కుంట ఒక్కదాన్నే తిట్టుకున్న. నా విశ్వాసాన్ని తూకమేయనీకి ఈమె ఎవరు? ఆ తలుపు ముంగట నిలవడి, చేతులతోని గుద్దిందా ఎన్నడన్న?

తిట్టుకున్న గని, ఆమె మాట లోపల గుచ్చుకునే ఉంది. దినాం పొద్దుగాల మోకరించి, "ప్రభువా, ఈ భయం తీసెయ్యి. అందరి లెక్క నేను గూడ ఊకుండి పనిచేసుకునేటట్టు చెయ్యి" అని అడిగేదాన్ని. భయం పోలే.

ఒక సెలవు రోజు మా పాస్టరమ్మగారు ఇంటికొచ్చిర్రు. ఆమెది హత్నూర దిక్కు, ఎవుసం చేసిన ఇంట్ల పుట్టిన మనిషి. వంటింట్ల నా పక్కనే పీట మీద కూసోని చిక్కుడుకాయలు తుంచుకుంట అడిగిర్రు.

"దేన్ని సూస్తే భయమైతుంది బిడ్డా?"

అప్పటిదాంక గా ఒక్క మాట నన్ను ఎవరూ అడగలే. నేను తాళం సంగతి చెప్పిన. ఆమె చేతుల కాయలు కింద పెట్టేసిర్రు.

"మనుషులు లోపటుండంగ తాళమేసిర్రా?"

"అవునమ్మగారు. ఇప్పటికీ ఉంది."

"మరి నువ్వు దేవుని దగ్గర ఏమడుగుతున్నవ్?"

"భయం తీసెయ్యమని."

"తాళం సంగతి చెప్పినవా?"

"ఆయనకు తెల్వదా?"

"తెలుసు. అది సూసి ఆయనకు కోపం రాలేదనుకుంటున్నవా? నిన్ను నోరు మూసుకోమంటున్నది ఆయన కాదు బిడ్డా."

అక్కడనే నా చెయ్యి పట్టుకోని ప్రార్థన మొదలుపెట్టిర్రు. ఇంపైన మాటలేం లేవు అందుల. "ప్రభువా, నీ బిడ్డలను లోపటేసి తాళమేసిర్రు. నువ్వు సూస్తున్నవ్. ఊకోకు" అన్నరు. ఆమె మాటల్ల కోపముంది. నాకు ఏడుపు ఆగలే. ఇన్నాళ్లు దేవుడు గూడ మా మేనేజర్ పక్కనే నిలవడి నన్ను ఓపిక పట్టమంటున్నడనుకున్న. ఆయన తలుపుకు ఇవతల, మా దిక్కే ఉన్నడని అప్పుడనిపించింది.

తెల్లారి బస్సు రింగు రోడ్డు దాటంగనే దడ మొదలైంది. ఈసారి గుండెను చూసుకుంట కూసోలే. "ప్రభువా, నువ్వున్నవ్ ఈ బస్సుల. నిద్రపోతున్న ఈ ఆడపిల్లలను చూస్తున్నవ్, ఆ తలుపును గూడ చూస్తున్నవ్" అనుకుంట మనసంత ఆయన మీదనే పెట్టిన. మనసు జారినప్పుడల్లా మళ్ల ఆయన దిక్కే తిప్పిన. దడ ఒక్కసారే పోలే. గేటు వచ్చేసరికి మాత్రం ఊపిరి నిండ అందింది. భయం తగ్గినంక నాకు మిగిలింది కోపం.

షిఫ్ట్ ముంగట అందరం నిలవడ్డప్పుడు సూపర్‌వైజర్‌ను అడిగిన. "సార్, ఎనక తలుపు తాళం ఎప్పుడు తీస్తరు?"

ఆయన నవ్విండు. "మీరు చర్చికి వెళ్తారు కదమ్మా. ప్రార్థన చేసుకోండి, భయం పోతుంది."

"చేసుకున్న సార్. చేసుకున్నంకనే మిమ్మల్ని అడుగుతున్న."

ఎనక నుంచి ఒడిశా పిల్ల ఒకామె, "దీదీ సహీ బోల్ రహీ హై సార్" అన్నది, అక్క చెప్పేది నిజమేనని. ఇంకొకామె, మరొకామె అందుకున్నరు. తాళం తీసేదాంక ప్యాకింగ్ హాల్లకు పోమని అక్కడనే నిలవడ్డం. మేనేజర్ వచ్చిండు, గరమైండు, పోయిండు. ఆఖరికి సెక్యూరిటీ మనిషి చేతుల తాళంచెవితో వచ్చి తలుపు తీసిండు. ఆ తర్వాత లోపలికెల్లి నూకితే తెరుసుకునే కడ్డీ పెట్టిచ్చిర్రు.

దానికి నాకిచ్చిన బహుమానం, సీసాలు కడిగే సెక్షన్. దినమంత తడిల నిలవడే పని. ఎందుకు మార్చిర్రని అడిగితే, "పని అవసరం" అన్నరు. ఆ మంట నాకింకా చల్లారలే, చల్లారాలని గూడ లేదు.

కొన్నాళ్లకు కూటం పెద్దామె నన్ను, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముంగట సాక్ష్యం చెప్పమన్నది. ముందే పక్కకు పిలిచి, "దేవుడు భయం తీసేసిండని చెప్పు సిస్టర్, సాలు. కంపెనీ కొట్లాటలు మందిరంల ఎందుకు?" అన్నది.

"అట్లయితే నేను చెప్ప" అన్న. ఆమె మొఖం మాడ్చుకున్నది. పాస్టరమ్మగారు మా ఇద్దరినీ చూసి, "మొత్తం చెప్పు బిడ్డా, ఏదీ ఇడువకు" అన్నరు.

మొత్తం చెప్పిన. కూటం అయినంక, భానూర్ దిక్కు ఏదో ఫ్యాక్టరీల పనిచేసే ఒక పిల్ల నా దగ్గరకొచ్చి, "అక్కా, మా కాడ గూడ గిట్లనే ఉంది" అన్నది. నేను భయపడకమ్మా అనలే. పక్కన కూసోబెట్టుకోని, "ఏముంది మీ కాడ? చెప్పు" అన్న.